తెల్లగా ఉందన్న మాట

మొన్న చింతామణి బస్టాండు బయట, చెరుకు రసం బండి పక్కన, ఆయన ఫ్లెక్సు చూశాను. కన్నడంలో ‘భావపూర్ణ శ్రద్ధాంజలి’ అని పెద్దక్షరాలు, కింద ఆయన ఫొటో. ఆ ఫొటోలో ఆయన నవ్వుతున్నారు. ఎనిమిదేళ్లు ఆయన పక్కన పని చేశాను. పళ్లు కనిపించేలా ఆయన నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరిదో పెళ్లిలో తీసిన ఫొటో నుంచి కత్తిరించి వేసి ఉంటారు. పోయారని నాకెవరూ చెప్పలేదు. చూస్తూ అక్కడే నిలబడిపోయాను, నేనెక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. పోతే పోయిందిలే అనుకున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రిపోర్టు మీద డాక్టరు పేరుంటుంది, బొమ్మ తీసినవాడి పేరు ఎక్కడా ఉండదు, అదే మంచిదని ఆయనే అనేవారు. బట్లహళ్ళి పక్క సేద్యగాళ్ల ఇంట్లో పుట్టి, చిక్కబళ్ళాపురంలో ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటరులో టెక్నీషియన్‌గా తల నెరిసిన మనిషి. ఫిల్ములు చీకటిగదిలో కడిగే కాలం నుంచి వచ్చినవారు. నేను అక్కడ చేరేటప్పటికి ఆయనకి యాభై దాటాయి. నాకు ఇరవై నాలుగు, నోరు మాత్రం అప్పటికే బాగా పెద్దది.

ఎమ్మారై గదిలోకి లోహం వెళ్లకూడదు. వాచీ, తాళంచెవులు, మొలతాడుకున్న వెండి బిళ్ల, అన్నీ బయట పెట్టాలి. మగవాళ్లు తీసి ఇచ్చేస్తారు. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి తాళి దగ్గర ఆగిపోతుంది. లోపల ఉన్న మొగుడు బాగుండాలని వచ్చినామె కూడా, మొగుడికి తోడుగా గదిలో నిలబడాలంటే తాళి తీయాల్సిందే. నేనైతే ‘తొందరగా తీయండమ్మా, వెనక ఇంకా నలుగురున్నారు’ అని అరిచేదాన్ని. ఆయన టేబులు సొరుగులో పసుపు రాసిన దారాలు పెట్టుకునేవారు, ఒక్కోదానికి చిన్న పసుపుకొమ్ము కట్టి. అది ఆమె చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడేవారు. ఆమె ఇది కట్టుకుని అది తీసి ఇచ్చేదాకా ఇటు తిరిగేవారు కాదు. ప్రతి శుక్రవారం ఇంటి నుంచి కొత్త దారాలు తెచ్చేవారు. వాటిని ఎవరు తయారు చేస్తారని ఒకసారి అడిగితే, నేనే, అన్నారు.

ఇదంతా బాగానే ఉంది. నాకు ఒళ్లు మండేది ఆయన ఇంకో అలవాటు చూసి.

తలకి దెబ్బ తగిలినవాళ్లకి మామూలుగా సీటీ స్కాన్ చాలు. ఎముక విరిగిందా, రక్తం గడ్డ కట్టిందా అన్నది అందులో తేలిపోతుంది. కాని కొందరుంటారు. బాగేపల్లి హైవే మీద హెల్మెట్ లేకుండా బండి మీంచి పడతారు, సీటీలో ఏమీ కనిపించదు, వారం పది రోజులైనా మనిషి మనిషిలా ఉండడు. మత్తుగా పడుంటాడు, పెళ్లాం పేరు తడుముకుంటాడు. బెంగళూరు నుంచి వారానికి రెండు రోజులు వచ్చే నరాల డాక్టరు అలాంటివాళ్లకి మందు ఎక్కించి ఎమ్మారై తీయమని రాసేవారు. మెదడులో రక్తనాళాల గోడలు మిగతా ఒంట్లో ఉన్నట్టు ఉండవు. చాలా బిగువుగా ఉంటాయి. రక్తంలో పోయేదాన్ని ఏదిపడితే అది మెదడులోకి దిగనివ్వవు. చేతి నరంలోకి మేమెక్కించే మందు కూడా ఆ గోడ దాటలేక, వచ్చిన దారినే పోతుంది. దెబ్బకి గోడ ఎక్కడైనా సడలి ఉంటే మాత్రం అక్కడ బయటికి ఊరుతుంది. ఊరినచోటు బొమ్మలో తెల్లగా వెలుగుతుంది. తెల్లగా ఉందంటే గోడ చెడిందని అర్థం. మా పనిలో ఇది మొదటి పాఠం.

చిన్న ఊట వెంటనే తేలదు. మందు ఎక్కించగానే తీసిన బొమ్మలో శుభ్రంగా కనిపించి, ఇంకాసేపాగి తీస్తే మచ్చ పైకి వస్తుంది. అందుకని ఆయన ఆగేవారు. బయట జనం విసుక్కుంటున్నా, నేను గడియారం చూపిస్తున్నా, కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుని “ఆగమ్మా, ఇంకా ఊరలేదు” అనేవారు. తర్వాత మళ్లీ తీసి, మందుకు ముందుదీ తర్వాతదీ పక్కపక్కన పెట్టి, ఎడమది చూసి కుడిది, కుడిది చూసి ఎడమది, అలా చూస్తూనే ఉండేవారు. అదీ నేను ఓర్చుకున్నాను.

బయటికి వచ్చాక మొదలయ్యేది అసలు సంగతి. పేషెంటు తాలూకు మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుని, “మీరు ఏం పంట పెడతాండారప్పా?” అని అడిగేవారు. వాళ్లు తెల్లబోయేవారు. ఇంట్లో మనిషి తల పగిలి పడుంటే పంట సంగతేమిటని నాకే కోపం వచ్చేది. అదేదో ఊసుపోక కబుర్లని అనుకున్నాను. అనుకోవడమేమిటి, ఆయన మొహం మీదే అన్నాను కూడా.

ఆయన పంట అడిగేది మాట వెతుక్కోవడానికని అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. చింతామణి పక్క టమాటా రైతు వస్తే, డ్రిప్పు పైపు సంగతి చెప్పేవారు. పైపు పగల్లేదు, ఎక్కడో సూదిమొనంత బెజ్జం పడింది, నీళ్లు వదిలిన వెంటనే తడి కనిపించదు, కాసేపటికి మట్టి మీద తేలుతుంది, మీవాడి తలలో ఇప్పుడు అలాంటి తడి కనిపిస్తోంది, అందుకని ఇంటికి తీసుకుపోకండి, అని. మంచేనహళ్ళి నుంచి వచ్చిన పాలాయనకి వడగట్టే గుడ్డ. గుడ్డ చినగలేదు, నూలు సడలింది, దిగకూడనిది కిందికి దిగుతోంది. అంగడి నడిపే సెట్టిగారికి మూట కుట్టు. అంతా చెప్పి, చివర్న వాళ్లనే తిరిగి చెప్పమనేవారు. ఇంటికి పోయి మీ అమ్మకి ఏమని చెప్తావో అదే నాకు చెప్పు, అని. తప్పు చెబితే మళ్లీ మొదటికి. ఒకాయన చేత నాలుగుసార్లు చెప్పించారు. ఆ నాలుగోసారికి వెనక లైనులో ఉన్నవాళ్లకి కూడా కంఠతా వచ్చేసింది.

తెల్లగా ఉందన్న మాట మాత్రం ఆయన నోట ఎవరితోనూ వచ్చేది కాదు. నేను ఎవరితోనైనా అనబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు.

నేను చేరి మూడో ఏడు వచ్చేసరికి నాకు ఓపిక అయిపోయింది. మేనేజరు దగ్గరికి వెళ్లి చెప్పాను. టెక్నీషియన్లు పేషెంట్ల మనుషులకి బొమ్మలో ఏముందో చెప్పకూడదు, అది డాక్టరు పని, ఈయన రోజూ చెప్తున్నారు, పైగా లైను ఆగిపోతోంది, అని. రూలు ప్రకారం నేను చెప్పింది తప్పు కాదు. మేనేజరు ఆయన్ని పిలిచి, ఇకమీదట బెంచీ మీద కూర్చోవద్దని చెప్పేశాడు. ఆయన సరేనన్నారు. మూడు రోజులు ఎవరేమడిగినా డాక్టరు గది తలుపు వైపు చెయ్యి చూపించి లోపలికి వెళ్లిపోయారు. నాకు గెలిచినట్టు ఉండాల్సింది. అలా లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇద్దరం కారేజీలు విప్పుకున్నాం. ఆయన ముద్ద కలుపుతూ, “నువ్వు చెప్పింది రైటేనమ్మా, నేను చెప్పకూడదు. చెప్పి ఒక మనిషిని పోగొట్టినా” అన్నారు. ఆ తర్వాత మొత్తం చెప్పారు, నా వైపు చూడకుండా.

నేను చేరడానికి రెండేళ్ల ముందు సంగతి. జంగమకోటె పక్క పల్లె నుంచి ఒకామె మొగుణ్ణి తీసుకొచ్చింది. పట్టుపురుగుల షెడ్డులో పైకెక్కి చంద్రికలు దింపుతూ పడ్డాడు. పురుగులు గూడు అల్లుకునే వెదురు తట్టలవి, మనిషంత ఉంటాయి. ఎనిమిది రోజులుగా మత్తుగా ఉన్నాడు. చిన్న నర్సింగ్ హోములో పెట్టారు, అక్కడి నుంచి స్కానుకి పంపారు. మందు ఎక్కించి తీస్తే రెండు చోట్ల బాగా వెలిగింది. రిపోర్టు రేపు పొద్దున వస్తుంది, నరాల డాక్టరు కూడా రేపే వస్తారు. బయటికి రాగానే ఆమె, ఏం కనిపించిందప్పా, అని అడిగింది. ఆయన, “తెల్లగా కనిపిస్తాండాదమ్మా, పొద్దున డాక్టరు చూస్తాడు” అన్నారు.

ఆయన ఇంట్లో రాగులూ టమాటాలూ పండించారు కాని పట్టుపురుగులు ఎప్పుడూ పెట్టలేదు. పట్టు ఇంట్లో తెల్లగూడంటే మేలురకం. పసుపుపచ్చ గూడు మామూలుది, తెల్లగూడుకే మార్కెట్టులో మర్యాద. తెల్లగా వచ్చిందంటే ఆ ఇంట్లో పంట బాగా వచ్చిందని. ఆమె ఆ సాయంత్రమే, స్కాను తెల్లగా వచ్చిందని నర్సింగ్ హోములో చెప్పి, సంతకం పెట్టి మొగుణ్ణి ఇంటికి తీసుకుపోయింది. ఇంటి దగ్గర పురుగులు గూడు కట్టే రోజులు. రెండో రోజు అతనికి ఫిట్సు వచ్చాయి. బెంగళూరుకి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

నెల తర్వాత ఆమె మరిదితో కలిసి ఫిల్ముల కోసం వచ్చింది. మరిది అందరి ముందూ ఆమెని తిట్టాడు. పురుగుల కోసం మొగుణ్ణి ఆస్పత్రి నుంచి ఈడ్చుకొచ్చిందని, స్కాను బాగుందని అబద్ధం చెప్పిందని. ఆమె తల ఎత్తి ఆయన వైపు చూసి, తెల్లగా ఉండాదని మీరే అంటిరి గదప్పా, అంది. పక్కన మేనేజరు నిలబడి ఉన్నాడు. ఆయన ఫిల్ములు కవరులో పెట్టి ఇచ్చారు.

“మాట తప్పుగా పడింది, అది తెలీక జరిగిండేది. ఆ దినం నోరు మూసుకున్నది మాత్రం తెలిసే” అన్నారు ఆయన. ఆ ఊరి నుంచి వచ్చేవాళ్లని అడిగి తెలుసుకుంటూ ఉండేవారట. అత్త ఆమెని పేరు పెట్టి పిలవడం మానేసిందని, అది, ఇది అంటుందని, ఇంట్లో పొయ్యి వేరు పెట్టించిందని.

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ‘నాకు చెప్పి ఏం లాభం సార్, పోయి ఆ అత్తకి చెప్పండి’ అనేశాను. అన్నాక భయం వేసింది. ఆయన కారేజీ మూత పెట్టి లేచారు. వారం రోజులు నాతో పని మాట తప్ప మాట్లాడలేదు. శనివారం సాయంత్రం, చొక్కా గుండీ తిప్పుకుంటూ, “రేపు నాతో వస్తావామ్మా? ఒక్కణ్ణే పోలేను” అన్నారు.

ఆదివారం పొద్దున శిడ్లఘట్ట దాకా బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, తర్వాత ఆటో. దారంతా ఆయన ఏమీ తినలేదు, నీళ్లు కూడా తాగలేదు. ఇంటి ముందు అత్త కూర్చుని మల్బరీ కొమ్మల నుంచి ఆకు దూస్తోంది. మరిది మోటారు బాగు చేసుకుంటున్నాడు. ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడింది, ఆయన్ని చూడగానే గుర్తు పట్టింది. కూర్చోమన్నా ఆయన కూర్చోలేదు. చెప్పులు విడిచి, వాకిట్లో నిలబడి చెప్పారు.

“అమ్మా, నీ కొడుకు బొమ్మ తీసింది నేను. ఈ యమ్మ మీకు అబద్ధం చెప్పలేదు. తెల్లగా ఉండాదని నేనే చెప్తిని. మా మిషన్లో తెల్లగా ఉంటే చెడు. అది ఈ యమ్మకి తెలీదు, నేను ఇడమర్చి చెప్పలేదు. మీ చిన్నకొడుకు వచ్చి తిట్టిన దినం కూడా నోరెత్తలేదు. తప్పు నాది.”

ముసలామె చేతిలో కొమ్మ అలాగే ఉంది. “తెల్లగా ఉంటే చెడా?” అంది. ఆమె పుట్టినప్పటి నుంచీ గూళ్లు ఏరిన మనిషి. ఆయన అవునన్నారు. మరిది ఆయన మీదికి వస్తాడేమోనని నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. అతను చేతిలో పానా కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. చివరికి ముసలామె, తెల్లగా ఉండాదంటే ఎవురైనా మంచిదనే అనుకుంటారు, అని తనలో తను అన్నట్టు అంది. కోడలి వైపు తిరిగి, పిల్లా, ఎండలో వచ్చినారు, మజ్జిగియ్యి, అంది. ఆయన రెండు చేతులతో మొహం తుడుచుకుని అరుగు మీద కూర్చున్నారు. అప్పుడు ఆయన్ని చూసి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. నా పెద్ద నోరు ఒక్కసారైనా పనికొచ్చిందనుకున్నాను.

లోటాలు అందుకోవడానికి నేను కోడలి వెనక వంటింట్లోకి వెళ్లాను. ఆమె కుండలో గరిటె తిప్పుతూ, నా వైపు చూడకుండా, గొంతు తగ్గించి మాట్లాడింది.

“మాట మంచిదేనమ్మా. ఆయప్ప మొగం మంచిగా లేదు. నేను మాటనే పట్టుకుంటిని.”

నాకు ముందు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఆ పంట ఆమె ఒక్కతే పెట్టింది, మొగుడు పడినప్పటి నుంచి రాత్రీ పగలూ ఆకు వేసింది ఆమే. పురుగులు ఇంక రెండు దినాల్లో చంద్రికలెక్కాల, ఎక్కించేవాళ్లు లేరు. ఆయన ‘తెల్లగా’ అన్నప్పుడు ఆయన కళ్లు కిందికి ఉన్నాయి. అది మంచి కబురు చెప్పే మొహం కాదని ఆమెకి తెలుసు. ఇంకోసారి అడగాలనుకుంది. అడిగితే ఏం చెప్తారో అని అడగలేదు. మంచి మాట ఒకటి చేతిలో ఉంది కదా అని తీసుకుని వెళ్లిపోయింది. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట. మజ్జిగ లోటాలు నా చేతికిచ్చి, “ఆయప్పకి చెప్పద్దు. ఆయప్ప నిజం దాయలేడు. మళ్లీ వచ్చి ఈ వాకిట్లో చెప్పేస్తే నేను యాడికి పోవల్ల?” అంది. నేను చెప్పనని ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చాను.

తిరుగు బస్సులో ఆయన వేరుశనక్కాయలు కొన్నారు, సగం నాకు పెట్టారు. బొమ్మ తీయడంలో తన గురువు ఎంత కోపిష్టో చెప్పారు. అంత మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ కొడుతూ కూర్చున్నాను. మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్లి నా ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. ఆయన మళ్లీ బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఎందరు మనుషులు ఆ బెంచీ మీద నుంచి లేచి, ఇంటికి పోకుండా, తిన్నగా ఆస్పత్రి వార్డులోకి నడిచి వెళ్లారో నేను కళ్లారా చూశాను.

కాని తేలికపడ్డది ఆ ఒక్క రోజే. పొద్దున వస్తూనే ఎప్పుడైనా, జంగమకోటె పక్క నుంచి ఎవురన్నా వచ్చినారామ్మా, అని అడిగేవారు. ఆమె సుఖంగా ఉందని, ఇంట్లో పొయ్యి ఒకటే అయిందని తెలిసినా తృప్తి లేదు. ఆ ఇంట్లో ఆమె మీది నింద పోయింది, ఆ చావు మాత్రం పూర్తిగా తన లెక్కలో వేసుకున్నారు. ఒక్క వాక్యం చెబితే ఆయన నిద్రపోతారు. ఆ వాక్యం నా దగ్గర ఉంది. ఆ పక్క ఒక ఆడమనిషి బతుకు, ఈ పక్క ఈయన నిద్ర. నేను ఆమె వైపే నిలబడ్డాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆయన మీద జాలితో ఎన్ని రోజులు అన్నం సయించలేదో నాకే తెలుసు.

ఫ్లెక్సు చూసిన రోజే ఆమెకి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. ఇంక దాచొద్దు, రాసుకోమంది. అత్తకి చదువు రాదు, మరిది వేరుపడి బెంగళూరు పోయాడు. ఊరి పేరు మాత్రం వద్దంది.

ఆయన పని మానేసిన ఏడాదికి ఊపిరితిత్తులు చెడ్డాయి. పోయిన నెల బట్లహళ్ళి పక్క వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నారు, మాటకి మాటకి మధ్య ఆయాసం. కూతురు కాఫీ ఇచ్చి వెళ్లింది. స్కానింగ్ సెంటరులో కొత్త మిషను వచ్చిందంటే ఎంత తొందరగా తీస్తుందని అడిగారు. తొందరగానే తీస్తుంది సార్, ఊట కోసం ఆగడం మాత్రం అంతే, అన్నాను. తల ఊపారు. తర్వాత కొంతసేపు ఊపిరి కూడదీసుకుని అడిగారు.

“ఆ దినం నేను ఇంకో మాట అనింటే, ఆ మనిషి బతికిండునా?”

డాక్టర్లయితే ఈ ప్రశ్నకి ఏదో చెప్తారు. నా దగ్గరున్న జవాబు వేరు. ఆమె మీ మాటకి మోసపోలేదు సార్, మీ మొహం చదివింది, చదివే తీసుకుపోయింది, అని. అది నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె వంటింట్లో నేను పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది.

“తెలీదు సార్” అన్నాను.

ఆయన ఆ మాటకి తల ఊపలేదు. నా మొహం వైపు చూశారు, చాలాసేపు. నేను చూపు తిప్పుకోవాల్సింది. తిప్పుకోలేకపోయాను, కళ్లలో నీళ్లు కూడా ఆగలేదు. ఏం చదివారో, ఎంత చదివారో నాకు తెలియదు. కాసేపటికి దిండు మీదికి తల వాల్చి, “సరేమ్మా” అన్నారు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. బస్సుకి టైమవుతాంది, పో తల్లీ, అని నన్ను పంపించేశారు.